అక్షరము కూడిరాని బిడ్డ
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఇటీవల మేమొక గ్రామమునకు పోయినపుడు ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. బాలునకు తొమ్మిదేండ్లు, చదువుచున్నది నాలుగవ తరగతి. మూడు బస్తాల మిరపకాయల వెలను నోటిలెక్కతో తేల్చివేయును. కాని 'పలక' అను మాట చదువుమన్నచో ఒక్కొక్క అక్షరము వద్ద ఆగి, మూడింటిని కూర్చలేక తలవంచుకొనును. ఇక గుణింతములు, ఒత్తుల మాట చెప్పనక్కరలేదు. "వీని మొద్దుబుఱ్ఱకు చదువెందుకండీ? నాలుగు గొఱ్ఱెలు కొనియిచ్చి తోలెదను" అని తండ్రి అనెను. అక్షరాభ్యాసమునకు ముహూర్తము కుదరకపోవుటచే ఇట్లయినదని తల్లి నమ్మకము.

ఇది మొద్దుతనమును కాదు, ముహూర్తదోషమును కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, వానిని అక్షరములతో ముడివేయుటలో కొందరు బిడ్డలకు పుట్టుకతోనే ఇబ్బంది యుండును. వైద్యులు దీనిని డిస్లెక్సియా అందురు. తెలివితేటలతో దీనికి సంబంధము లేదు. తెలివిగల పదునాలుగేండ్ల బాలుడొకడు చదువలేకపోవుటను గూర్చి ఇంగ్లండులో మోర్గన్ అను వైద్యుడు 1896లోనే వ్రాసియున్నాడు. మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము దీనిని గుర్తించినది. ఇది కుటుంబములలో తరచు వంశానుగతముగా వచ్చును. మేము అడుగగా, ఆ రైతు కొంతసేపు ఊరకుండి, తానును అక్షరములు కూడిరాకయే రెండవ తరగతితో బడి మానితినని చెప్పెను.

మూడేండ్లకే ఓనమాలు దిద్దిన బిడ్డయే గొప్పవాడగునని కొందరు తొందరపడుదురు. ఆ వయస్సున పలకకంటె పాటలు, పొడుపుకథలు, ఒకే ధ్వనితో మొదలగు మాటలను వెదకు ఆటలు మేలు. మరికొందరు "పెద్దవాడైన అదే వచ్చును" అని ఊరకుందురు. మా అభిప్రాయమున ఇదియే ఎక్కువ నష్టకరము. ఏండ్లు గడచినకొలది బిడ్డ తాను పనికిరానివాడనని నమ్మసాగును.

మూడవ తరగతిలో గాని ఎనిమిదవ యేట గాని, ఏది ముందైన అప్పుడు, ఉపాధ్యాయులు ఇట్టి బిడ్డలను పరిశీలింపవలెనని 2018 నాటి కేంద్ర మార్గదర్శకములు చెప్పినవి. మీ బడిలో ఇది జరిగినదా అని అడుగుడు. ముందుగా కన్ను, చెవి పరీక్ష చేయింపుడు. చదువు రాలేదని బిడ్డను కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినదని గ్రామసభలో చెప్పుడు.

ఆ బాలుని గూర్చి వార్డు సభ్యురాలు ప్రధానోపాధ్యాయునితో మాటాడినది. జిల్లా ఆసుపత్రికి పోవుటకు దినము నిర్ణయమైనది. గొఱ్ఱెల బేరము ప్రస్తుతమునకు ఆగినది.