కుర్చీ ఖాళీగా ఉంటే

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఏం మాట్లాడమంటారు?" అని కమిటీవాళ్లను అడిగాను. "మీరు ముప్పై ఏళ్లు కాలేజీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెప్పారు కదా సార్, అందులోంచే ఏదో ఒకటి చెప్పండి. భోజనాలు చల్లారకముందే ముగించండి" అన్నారు. అందుకని ఒకే ఒక్క వస్తువు గురించి చెబుతాను. కుర్చీ గురించి.

మేం ఎనిమిదో తరగతిలో ఉండగా మన హెడ్మాస్టరుగారు రిటైరయ్యారు. కొత్తాయన రావడానికి దాదాపు ఏడాది పట్టింది. అందాకా అందరిలోకీ సీనియర్ సారుకు ఇన్‌ఛార్జి ఇచ్చారు. ఆయన దేవుడిలాంటి మనిషి. జీతాల బిల్లులు ఆగలేదు, పరీక్షలూ ఆగలేదు. కానీ నీళ్ల మోటారు కాలిపోయింది. "కొత్త సారు రానీయండి, చూద్దాం" అన్నారు. ల్యాబులో సామాన్లు అయిపోయాయి. దానికీ అదే మాట. ఆ ఎండాకాలమంతా మేం పక్కనున్న ఇరానీ హోటలుకు వెళ్లి నీళ్లు తాగి వచ్చాం. ఇన్‌ఛార్జి అంటే ఏమిటో నాకు ఏ పుస్తకం కంటే ముందు ఆ మోటారే నేర్పింది. తప్పనిసరైన చోట సంతకం పెడతారు. రేపటి కోసం మాత్రం ఏదీ మొదలుపెట్టరు.

ఇప్పుడు మన బడి నుంచి యూనివర్సిటీకి వెళదాం. విద్యానగర్ దాటితే ఉస్మానియా. "వాళ్ల గొడవ మనకెందుకు?" అనుకోవద్దు. అక్కడి నిర్ణయం మన గల్లీ దాకా వస్తుంది. 1918లో ఉస్మానియా ఉర్దూ బోధనా భాషగా మొదలైంది. దానికి పదేళ్ల తర్వాత, 1928లో, మన నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో బడి పెట్టారు. తెలుగులో చదివిన పిల్లలకు ఇక్కడి యూనివర్సిటీలో చోటు లేదు. దాంతో ఆ బడిని ఎక్కడో పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడపాల్సి వచ్చింది. కూతవేటు దూరంలోని యూనివర్సిటీ తలుపు తీయకపోతే మన అమ్మమ్మలు పూనా వైపు చూశారు. యూనివర్సిటీని ఎవరు, ఎలా నడుపుతారన్నది మన ఇంటి విషయమే అనడానికి అంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

ఆ కుర్చీ చుట్టూ జరిగిన ఒక పెద్ద కథ ఉంది. నేను చదువుకునే రోజుల్లో చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని దాని గురించి చదివాను. తర్వాత ఏటా నా విద్యార్థులకు చెప్పాను. డి.ఎస్. రెడ్డిగారు 1957 నుంచి ఉస్మానియా వైస్‌ఛాన్సలర్. 1964లో ఆయన్ను మరో ఐదేళ్లకు నియమించారు. ఆ తర్వాత ప్రభుత్వం యూనివర్సిటీ చట్టాన్ని సవరించే పని పెట్టుకుంది. వీసీ పదవీకాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గుతుంది. విధానపరమైన విషయాల్లో ప్రభుత్వం యూనివర్సిటీకి ఆదేశాలు ఇవ్వవచ్చు. అప్పటి ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డిగారు. ఇది యూనివర్సిటీ స్వేచ్ఛకు దెబ్బ అని డి.ఎస్. రెడ్డిగారు బాహాటంగానే విమర్శించారు. 

1966లో ఆ సవరణ చట్టమైంది. అందులో ఒక మంచి నియమం కూడా ఉంది. వీసీని తొలగించాలంటే హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి స్థాయి వ్యక్తి విచారణ జరపాలి, ఆరోపణ రుజువు కావాలి. బాగానే ఉంది కదా? కానీ అదే ఏడాది రెండో సవరణ తెచ్చారు. 13-ఎ అనే కొత్త సెక్షన్ పెట్టారు. ఇప్పుడున్న వీసీ కొత్త వీసీ వచ్చేదాకానే ఉంటారు, ఆ కొత్త నియామకం 90 రోజుల్లో జరగాలి అన్నది దాని సారాంశం. విచారణ లేదు, ఆరోపణ లేదు. అప్పుడు "ఇప్పుడున్న వీసీ" ఒక్కరే. అంటే మొత్తం శాసనసభ కూర్చుని ఒక్క మనిషి కోసం ఒక సెక్షన్ రాసిందన్నమాట.

ఆయన హైకోర్టుకు వెళ్లారు, ఓడిపోయారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు, గెలిచారు. తర్వాత వచ్చే వీసీలకు విచారణ అనే రక్షణ ఉండి, ఈయనకు మాత్రం లేకపోవడం ఏం సమానత్వం అని కోర్టు అడిగింది. రాజ్యాంగంలోని 14వ అధికరణానికి విరుద్ధమని ఆ సెక్షన్‌ను కొట్టేసింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు "ఆయన మంచివాడా సార్?" అని అడిగేవారు. "కోర్టు ఆ ప్రశ్న వేసుకోలేదురా" అనేవాణ్ని. మంచివాడైనా కాకపోయినా దించే పద్ధతి ఒకటి ఉండాలి, అది అందరికీ ఒకటే ఉండాలి. ఆ తర్వాత అదే కుర్చీలో జస్టిస్ పి. జగన్మోహన్‌రెడ్డిగారి లాంటి న్యాయకోవిదులు, జి. రాంరెడ్డిగారి లాంటి విద్యావేత్తలు కూర్చున్నారు. మంచివాళ్లు దొరకడం మన అదృష్టం. అదృష్టం లేని రోజున కాపాడేది నియమమే.

ఇది దించడం గురించి. మరి కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టకపోతే? దాని మీద కోర్టుకు వెళ్లేవారుండరు, పేపర్లో పెద్ద అక్షరాలూ ఉండవు. 2014 నుంచి 2016 దాకా, మళ్లీ 2019 నుంచి 2021 దాకా ఉస్మానియాకు పూర్తికాలపు వీసీ లేరు. సీనియర్ ఐఏఎస్ అధికారులు ఇన్‌ఛార్జిలుగా ఉన్నారు. వాళ్లు సమర్థులు కారని నేను అనను. కానీ సచివాలయంలో తమ శాఖ పని చూసుకుంటూ, మిగిలిన సమయంలో యూనివర్సిటీ ఫైలు చూసే మనిషి మన ఇన్‌ఛార్జి సారు లాంటివారే. ఇవాళ ఉస్మానియాలో అధ్యాపక పోస్టులు సగానికి పైగా ఖాళీ. దానికి చాలా కారణాలున్నాయి. "కొత్త సారు రానీయండి" అన్న మాట వాటిలో ఒకటి. అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదువుతున్న పిల్లలను చూస్తుంటాం. వాళ్లలో ఎందరో ఆ క్యాంపస్ నుంచి వచ్చినవాళ్లే. వాళ్లకు పాఠం చెప్పాల్సిన మనిషిని నియమించడం ఎవరి పని?

మా బ్యాచ్ మిత్రుడి కూతురు సిడ్నీ యూనివర్సిటీలో చదివింది. చదువు అయిపోయాక కూడా దానికి అక్కడి సెనేట్ ఎన్నికల కబురు వచ్చేదట. "ఇదేంటి అంకుల్, పాస్ అయిపోయినవాళ్లను కూడా ఓటు అడుగుతారా?" అంది. అక్కడ సెనేట్ అంటే యూనివర్సిటీ పాలకమండలి. వైస్‌ఛాన్సలర్‌ను నియమించేది అదే. అందులో అధ్యాపకులు, విద్యార్థులతో పాటు ఒకప్పుడు పూర్వ విద్యార్థులు ఎన్నుకున్నవారు కూడా ఉండేవారు. అక్కడంతా సవ్యంగా ఉందని కాదు. వీసీల జీతాలు ఏడాదికి పది లక్షల డాలర్లు దాటడం మీద అక్కడ పెద్ద రగడే నడుస్తోంది. 2025లో కాన్‌బెరాలోని జాతీయ విశ్వవిద్యాలయం వీసీ విమర్శల మధ్య రాజీనామా చేశారు. కానీ అడిగే హక్కున్న మనుషులు అడుగుతున్నారు. మన దేశంలోనూ పాత యూనివర్సిటీల చట్టాల్లో నమోదైన పట్టభద్రులు సెనేట్‌కు ప్రతినిధులను ఎన్నుకునేవారు. ఆ అలవాటు చాలాచోట్ల పోయింది. ఆ పోయినదాని గురించి మనమూ ఎవరినీ అడగలేదు.

అందుకే ఈ సభను ఒకటి అడుగుతున్నాను. మనలో వందలమంది ఉస్మానియా పట్టభద్రులున్నారు. వీసీ పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలిసిన విషయం. ముగియడానికి ఆరు నెలల ముందే సెర్చ్ కమిటీ వేయండి అని ప్రతిసారీ మన సంఘం తరఫున ఒక ఉత్తరం రాద్దాం. సంతకాలు నేను తిరిగి సేకరిస్తాను. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా నడవడానికి నా మోకాళ్లు ఇంకా ఒప్పుకుంటాయి.

చివరగా మరొక పెద్దమనిషి. ఆంధ్ర విశ్వవిద్యాలయం తొలి వైస్‌ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1930లో ఆంగ్ల ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆ పదవికి రాజీనామా ఇచ్చారు. తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు వచ్చి నడిపారు. 1936లో కట్టమంచివారు మళ్లీ అదే పదవికి తిరిగి వచ్చారు. ఆయన లేచినంత మాత్రాన యూనివర్సిటీ పడిపోలేదు. కుర్చీ ఎక్కడమే కాదు, దిగడమూ తెలిసినవాళ్లు వాళ్లు.

ఇది చెప్పడానికి నాకు కొంచెం మొహమాటంగా ఉంది. ఎందుకంటే నేను ఈ సంఘానికి పద్నాలుగేళ్లుగా కోశాధికారిని. ప్రతిసారీ "ఏకగ్రీవం" అని చప్పట్లు కొట్టారు, నేనూ సంతోషించాను. నా తర్వాత ఎవరు అని మీరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. ఊళ్లోవాళ్ల నియమాలు అడిగేవాడు ముందు ఇంట్లో పాటించాలి. మన నియమావళిలో ఏ పదవికైనా వరుసగా రెండు విడతలే అని చేర్చాలని ఈ మధ్యాహ్నం జరిగే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదిస్తున్నాను. నేను నిలబడటం లేదు. లెక్కల పుస్తకాలు, పాస్‌బుక్, బీరువా తాళంచెవి ఈ సంచిలో తెచ్చాను. ఎవరు ఎన్నికైతే వాళ్లకు భోజనాలు కాగానే అప్పజెబుతాను. మధ్యలో ఇన్‌ఛార్జి మాత్రం వద్దు.