పసిగుడ్డు నాలుక చూడండి
(భివండీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నూలు ధర గురించి, సొసైటీ బాకీల గురించి మాట్లాడుతామని మమ్మల్ని పిలిచారు. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మేము పుట్టుకతోనే గుండె లోపం వల్ల నీలంగా మారే పసిపిల్లల గురించి చెబుతాం. మేము చదివింది ఎనిమిదో తరగతి. డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, మా ఇంట్లో జరిగినదీ కలిపి చెబుతున్నాం.

1994లో మా తమ్ముడు ఇక్కడే కామత్‌ఘర్‌లో సాంచాల మీద పని చేస్తుండె. కొడుకు పుట్టిండు. మూడు రోజులు బాగనే ఉన్నడు. నాలుగో రోజు పాలు తాగుతూ ఆగి ఆగి రొప్పిండు, పెదవులు నేరేడు పండు రంగుకు వచ్చినయి. పక్షిదోషం అన్నారు. తాయెత్తు కట్టించినం, దిష్టి తీసినం. ఆరో రోజు పిల్లగాడు పోయిండు. ఆ తర్వాత మా మరదలిని అనరాని మాటలు అన్నారు. గ్రహణం నాడు బయటికి వచ్చిందని, కడుపుతో ఉండి కండెలు చుట్టిందని. ఆ అన్నవాళ్లలో మేమూ ఉన్నాం. ఆమె ఇవాళ ముందు వరసలో కూర్చున్నది. అమ్మా, నీ తప్పు ఏమీ లేదు. ముందు ఈ మాట చెప్పిన తర్వాతే మిగతాది.

గుండె అంటే మధ్యలో గోడ ఉన్న రంగు తొట్టి అనుకోండి. కుడి పక్క ఒళ్లంతా తిరిగి వచ్చిన నల్లబారిన రక్తం. అది ఊపిరితిత్తులకు పోయి, గాలి పట్టుకుని, ఎర్రగా ఎడమ పక్కకు వస్తుంది. ఎడమ పక్క నుంచి ఒళ్లంతటికీ పోతుంది. గోడకు చిల్లి ఒక్కటే ఉంటే పిల్ల మామూలుగా నీలం కాదు. ఎడమ పక్క ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఎర్రదే కుడి పక్కకు పోతుంది. అట్లాంటి పిల్లలకు ఆయాసం వస్తుంది, బరువు పెరగరు. కానీ చిల్లితోపాటు ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకైందనుకోండి. నల్ల రక్తానికి ఆ దారిన పోయే వీలు తగ్గి చిల్లిలోంచి ఎడమ పక్కకు దూరుతుంది, ఎర్రదానిలో కలిసి ఒళ్లంతా పోతుంది. అప్పుడే పెదవులు, నాలుక నీలంగా కనబడతాయి. దీన్ని టెట్రాలజీ ఆఫ్ ఫాలో అంటారు. నీలం చేసే గుండె లోపాల్లో ఎక్కువగా కనబడేది ఇదే.

ఇంకో రకంలో గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద నాళాలు తారుమారై ఉంటాయి, అచ్చు అతికేటప్పుడు పోగులు మారినట్టు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు పనికొచ్చే చిన్న నాళం ఒకటి పుట్టాక కూడా కొన్ని రోజులు తెరిచే ఉంటుంది. దాని ఆసరాతో బిడ్డ బతుకుతుంది. అది మూసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. బాగున్న బిడ్డ నాలుగో రోజు ఎందుకు మారిపోతుందో మాకు అప్పుడు తెలియదు. మా తమ్ముని కొడుక్కు ఏ లోపం ఉండెనో ఎవరూ చూడలేదు. ఇప్పుడైతే ఆ నాళం మూసుకోకుండా ఉంచే మందు ఉంది, మొదటి వారాల్లోనే నాళాలు సరిచేసే ఆపరేషన్ ఉంది.

ఆపరేషన్ అంటే ఒకరి గురించి చెప్పాలి. 1944 నవంబర్ 29న అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, నీలంగా మారిన పదిహేను నెలల పాపకు చేతికి పోయే నాళాన్ని తిప్పి ఊపిరితిత్తుల నాళానికి అతికారు. ఆలోచన హెలెన్ టాసిగ్ అనే డాక్టరమ్మది, కత్తి పట్టింది డాక్టర్ బ్లాలాక్. ఆయన వెనక స్టూలు మీద నిలబడి, ఎట్లా కుట్టాలో చెప్పింది వివియన్ థామస్ అనే నల్లజాతి మనిషి. వడ్రంగి కొడుకు, తనూ వడ్రంగం పని చేసినవాడు. దాచుకున్న డబ్బు బ్యాంకు మునిగి పోవడంతో డాక్టరు చదువుకు పోలేకపోయిండు. కుక్కల మీద ఆ కుట్టు చేసి చూసి నేర్చింది ఆయనే. ఆయన గురించి విన్నప్పుడు మాకు మన అచ్చు అతికేవాళ్లే గుర్తొచ్చారు.

ఇక మన ఇండ్ల సంగతి. పిల్ల చాయతక్కువైతే ఒంటి మీద నీలం తెలియదు. పగటి వెలుతురులో నాలుక, చిగుళ్లు చూడండి. పుట్టిన కొత్తలో చేతులు, కాళ్లు కాస్త నీలంగా ఉండటం మామూలే. నాలుక నీలమైతే అది మామూలు కాదు. పాలు తాగుతూ నుదుటికి చెమట పట్టినా, ఆగి ఆగి తాగినా చూపించండి. నీలమంతా గుండెదే కాదు, ఊపిరితిత్తులదీ కావచ్చు. అది తేల్చేది డాక్టరు, మనం కాదు.

పెద్దయిన పిల్ల ఆడుతూ ఆడుతూ గొంతుకూర్చుంటే బద్ధకం అనకండి. ఏడ్చి ఏడ్చి ఒక్కసారిగా నీలమైతే మోకాళ్లు కడుపుకు ఆనేట్టు మడిచి, గుండెలకు హత్తుకుని ఊరడిస్తూ వెంటనే దవాఖానకు పోవాలి.

కాన్పు తర్వాత ఇంటికి వచ్చేముందు ఒకటి అడగండి. బిడ్డ పుట్టి ఒక రోజు నిండినంక కుడి చేతికీ, ఒక పాదానికీ పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడాలి. 95 గానీ అంతకు మించి గానీ ఉండాలి, రెండింటికీ పెద్ద తేడా ఉండకూడదు. 90 లోపు ఉంటే ఆగకూడదు. అంకె బాగున్నా కొన్ని లోపాలు దొరకవు, కాబట్టి కన్ను వేసే ఉంచాలి. కరోనా నాడు కొన్న క్లిప్పు పసిపిల్లకు పనికిరాదు, దానికి వేరే పట్టీ ఉంటుంది.

మేనరికం వల్ల ఈ ముప్పు కొంత పెరుగుతుంది. కడుపుతో ఉన్న తొలి నెలల్లో రుబెల్లా వచ్చినా, తల్లికి అదుపులేని షుగరున్నా పెరుగుతుంది. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. కండెలు చుట్టడం వల్ల మాత్రం కాదు.

డబ్బు అడుగుతారు మీరు. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే కింద అంగన్‌వాడీలో, సర్కారు బడిలో పిల్లల్ని చూస్తున్నారు, గుండె లోపాలూ అందులో ఉన్నాయి. మహారాష్ట్ర కార్డు ఉంటే మహాత్మా జ్యోతిరావ్ ఫులే యోజన, తెలంగాణ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ. మనలో చాలామందికి కాపురం ఇక్కడ, కార్డు అక్కడ. ఏ కార్డు చెల్లుతుందో బిడ్డ బాగున్నప్పుడే తెలుసుకోండి. పరేల్‌లో వాడియా పిల్లల ఆసుపత్రి ఉంది. ఖార్ఘర్‌లో శ్రీ సత్యసాయి సంజీవని కేంద్రంలో పిల్లల గుండె ఆపరేషన్లకు పైసా తీసుకోరు.

మా చెల్లెలి మనుమరాలికి ఒక నర్సమ్మ పాదానికి పట్టీ పెట్టి చూసి 88 అన్నది. ఎకో తీస్తే టెట్రాలజీ. ఏడాది నిండకముందే ఆపరేషన్ అయ్యింది. ఇప్పుడు ఆ పిల్ల మా మగ్గం గుంటలోకి దిగి తొక్కుడు కర్రల మీద ఎగురుతుంది, వద్దన్నా వినదు.

సమాఖ్యను ఒకటి అడుగుతున్నాం. పసిపిల్లల పట్టీ ఉన్న పల్స్ ఆక్సీమీటర్ ఒకటి కొని పద్మానగర్‌లో అందరికీ అందేచోట పెట్టండి. వాడటం తెలిసిన నర్సమ్మ వారానికి ఒకసారి వచ్చేట్టు మాట్లాడండి. శాలువాలు, పూలదండల ఖర్చులోంచి ఆ డబ్బు తీయవచ్చు. మా సొసైటీ తరఫున మొదటి రెండు వేలు కార్యదర్శి గారి చేతికి ఇప్పుడే ఇస్తున్నాం, రసీదు రాయించండి.