ఎం.ఏ. అయ్యాక ఇంకెన్నేళ్ళు? – క్లినికల్ సైకాలజీ చదువు, సంపాదన
(ట్రస్టు ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



క్లినికల్ సైకాలజిస్టుకు ఎంత వస్తుందో చెప్పమని కార్యదర్శి గారు నన్ను పిలిచారు. ఇందాక భోజనాల దగ్గర కూడా నలుగురైదుగురు ఇదే అడిగారు. అడగడంలో తప్పేమీ లేదు. ధాన్యం అమ్మిన డబ్బుతో ఫీజు కట్టేవాళ్ళు లెక్క చూసుకోవాల్సిందే. కాకపోతే ఎంత వస్తుందన్నది రెండో ప్రశ్న. ఎన్నేళ్ళకు వస్తుంది, ఏ పట్టాకు వస్తుంది అన్నది మొదటి ప్రశ్న. మన ఊళ్ళల్లో డబ్బు పోతున్నది ఆ మొదటి ప్రశ్న అడగకపోవడం వల్లనే.

ముందు ఒక చిన్న మాట. సైకియాట్రిస్టు వేరు, మేము వేరు. ఆయన ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన ఎం.డి. చేసి మందులు రాస్తారు. మేము మందులు రాయం. పరీక్షలు చేస్తాం, మాటల ద్వారా చికిత్స చేస్తాం. పిల్లవాడికి చదువు ఎందుకు ఎక్కడం లేదో, బుద్ధి వికాసం ఎంత ఉందో కొలిచి చెప్తాం. ఇప్పటికీ చాలా చోట్ల వాడే బినే-కామత్ పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లల కోసం తయారు చేసిన వి.వి. కామత్ గారు పనిచేసింది మన ధారవాడ వైపే.

ఇక కాలం లెక్క. పి.యు.సి. అయ్యేసరికి పద్దెనిమిదేళ్ళు. బి.ఏ. మూడేళ్ళు, ఎం.ఏ. రెండేళ్ళు. ఇరవై మూడేళ్ళకు సైకాలజీ ఎం.ఏ. చేతికొస్తుంది. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడితో చదువు అయిపోయిందనుకుంటారు, సంబంధాలు కూడా చూడటం మొదలుపెడతారు. అయిపోలేదు. ఎం.ఏ.తో ఎవరూ క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం ఆ మండలి రిజిస్టరులో పేరు ఉండాలి. లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది వరకు జైలు గానీ వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా వివరంగా చెప్పింది: ఎం.ఏ. పైన రెండేళ్ళ పూర్తికాలపు ఎం.ఫిల్. చేయాలి, అందులో ఆసుపత్రిలో పెద్దల పర్యవేక్షణలో శిక్షణ ఉండాలి, ఆ కోర్సుకు మండలి ఆమోదం ఉండాలి. ఆ సీట్లు తక్కువ, ప్రవేశ పరీక్ష గట్టిది. ఒక ఏడాది దానికే పోతుంది. మొత్తం మీద మొదటి జీతం ఇరవై ఆరేళ్ళకు. ఇంజనీరింగు చదివిన మేనమామ కొడుకు అప్పటికి నాలుగేళ్ళుగా సంపాదిస్తూ ఉంటాడు. ఈ తేడా ఇంట్లో అందరికీ ముందే తెలియాలి. లేకపోతే మధ్యలో పోలికలు మొదలవుతాయి, చదివే పిల్ల నలిగిపోతుంది.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. కొత్త విద్యా విధానంలో ఎం.ఫిల్. ఎత్తేశారు. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 ప్రవేశాల వరకు యు.జి.సి. గడువు ఇచ్చింది. దాని బదులు సై.డి. లాంటి కోర్సులను పునరావాస మండలి ముందుకు తెచ్చింది. కాబట్టి ఇప్పుడు పి.యు.సి., బి.ఏ.లలో ఉన్నవాళ్ళు అక్కలు అన్నలు చెప్పిన దారినే గుడ్డిగా పోవద్దు. చేరబోయే సంస్థకు, ఆ కోర్సుకు, మీరు చేరే ఆ సంవత్సరానికి మండలి ఆమోదం ఉందా అని మండలి వెబ్‌సైటులో మీరే చూసుకోండి. ఆమోదం కొన్నేళ్ళకే ఇస్తారు, సీట్లు ఇన్ని అని కూడా రాస్తారు. "ఆమోదానికి దరఖాస్తు చేశాం" అని బ్రోచరులో ఉంటే ఆమోదం రాలేదని అర్థం.

దూరవిద్య సంగతి కూడా చెప్పాలి. ఇంటి దగ్గరే ఉంటుంది, ఖర్చు తక్కువ అని ఆడపిల్లల చేత సైకాలజీ ఎం.ఏ. పోస్టులో కట్టించేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. 2025 జూలై-ఆగస్టు నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్లో కొత్తగా చేర్చుకోవద్దని యు.జి.సి. ఆదేశించింది. ఇంకా ఎవరైనా సీటు ఇస్తామంటే అనుమానించండి. మూడు నెలల కౌన్సెలింగ్ డిప్లొమాలు వేలు పోసి కొంటున్నారు. గోడకు పటం కట్టుకోవడానికి తప్ప మండలి రిజిస్టరులో పేరు ఎక్కడానికి అవి పనికిరావు.

సరే, అన్నీ సక్రమంగా పూర్తి చేశారనుకుందాం. ఎంత వస్తుంది?

ప్రైవేటు ఆసుపత్రిలో మొదటి జీతం చూసి నిరుత్సాహపడకండి. నేను మొదట చేరిన చోట జీతం రెండు నెలలకొకసారి వచ్చేది, అదీ అడిగితే. అధ్యాపక వృత్తిలోకి పోతే విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంటు ప్రొఫెసరు మొదటి మూల వేతనం ఏడో వేతన సంఘం స్కేలులో నెలకు 57,700 రూపాయలు, కరువు భత్యం అదనం. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వస్తే పరిశోధన చేసే కాలంలో నెలకు 37,000, తర్వాత 42,000. 2023 జనవరి నుంచి ఆ రేట్లు వచ్చాయి. పేదింటి పిల్లలకు ఇది మంచి దారి, ఎందుకో మనవాళ్ళు దీన్ని పట్టించుకోరు.

ప్రభుత్వంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉంది. దేశం మొత్తానికి దీని నమూనా మన పక్క బళ్ళారి జిల్లాలోనే, 1980లలో నిమ్హాన్స్ వారు తయారు చేశారు. అందులో క్లినికల్ సైకాలజిస్టు పోస్టు ఉంటుంది. అయితే ఇలాంటి పోస్టులు చాలావరకు కాంట్రాక్టువి. జీతం ఎంత అని మాత్రమే కాదు, ఎన్ని నెలలకు రెన్యూవలు, పి.ఎఫ్. ఉందా అని కూడా అడగండి.

సొంత ప్రాక్టీసు విషయంలో అందరూ సెషను ఫీజును రోజుకు ఎనిమిదితో గుణిస్తారు. అలా కుదరదు. ఒక్కో సెషను ముప్పావు గంట పైనే, తర్వాత నోట్సు రాసుకోవాలి. రోజుకు అయిదుగురిని మించి చూస్తే పని చెడుతుంది. ఒక ఊహ లెక్క వేద్దాం. సెషనుకు 800 రూపాయలు, నెలకు 22 రోజులు, మొత్తం 110 సెషన్లు. అయిదుగురిలో ఒకరు రారు, మిగిలేవి 88. వచ్చేది 70,400. అందులో గది అద్దె, సహాయకుడి జీతం, కరెంటు, పరీక్షల కిట్లు పోతే 40, 45 వేలు మిగులుతాయి. అదీ గది నిండిన తర్వాత. నిండటానికి రెండు మూడేళ్ళు పడుతుంది. పైగా మన దగ్గర నాట్లప్పుడు, కోతలప్పుడు ఎవరూ రారు. కాలువకు నీళ్ళు రాని ఏడాది అసలే రారు. మానసిక వ్యాధికి కూడా మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం చెప్పింది గానీ, పడక మీద చేరని చికిత్సకు ఎక్కువ పాలసీలు డబ్బులివ్వవు. ఫీజు రోగి జేబులోంచే రావాలి.

ఇంత విన్నాక ఎందుకీ చదువు అనిపించవచ్చు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదు. పని ఉంది, చేసేవాళ్ళు లేరు. పైగా మన పిల్లలకు చేతిలో ఒక ఆస్తి ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ. మాటలతోనే వైద్యం చేసే వృత్తిలో మూడు భాషలు రావడమంటే మామూలు సంగతి కాదు. రాయచూరులో అయినా బెంగుళూరులో అయినా, దుఃఖాన్ని తన భాషలో చెప్పుకునే మనిషి వెతుక్కుంటూ వస్తాడు. నా దగ్గరికి ఎక్కువమంది అలా వచ్చినవాళ్ళే.

డబ్బు సర్దుబాటు గురించి రెండు మాటలు చెప్పి కూర్చుంటాను. ప్రైవేటు సంస్థల్లో ఫీజు లక్షల్లో ఉంటుంది, కాబట్టి ముందు ప్రభుత్వ సంస్థల పరీక్షలు రాయించండి: నిమ్హాన్స్, ధారవాడ డిమ్హాన్స్. విద్యారుణం 4 లక్షల వరకు మార్జిను అడగరు, ఏడున్నర లక్షల వరకు గ్యారంటీ పథకం కింద తాకట్టు లేకుండా ఇవ్వవచ్చు. చదువు కాలం, ఆపైన ఒక ఏడాది కిస్తీ ఉండదు, వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నెలనెలా ఆ వడ్డీ కట్టగలిగితే కట్టేయండి. పొలం మాత్రం అమ్మవద్దు. 371(జె) అర్హత పత్రం ఇంకా తీసుకోని వాళ్ళు సహాయక కమిషనరు కార్యాలయంలో వెంటనే దరఖాస్తు పెట్టండి. మన ప్రాంతపు విశ్వవిద్యాలయాల్లో నూటికి 70 సీట్లు స్థానికులవి, మిగతా రాష్ట్రంలో 8. మాతృభాష తెలుగైనందుకు ఆ పత్రం రాదని కొందరు అనుకుంటున్నారు. అది భాషను చూసి ఇచ్చేది కాదు, పుట్టుకను, నివాసాన్ని చూసి ఇచ్చేది. తాతల నాటి రేషను కార్డు, బడి సర్టిఫికెట్లు వెతికి పెట్టుకోండి. ఏ కాగితం సరిపోతుందో తెలియనివాళ్ళు వాటిని ఇవాళ వెంట తెచ్చి ఉంటే, సభ అయ్యాక నాకు చూపించండి.