కొనడం ఒక్కరోజు, కాపాడటం రోజూ

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిరుడు ఇదే సమావేశం అయ్యాక భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అడిగారు: "బాబూ, ఆ పాత జీపు మీద నువ్వు పోసిన డబ్బుతో ఎంతమంది పిల్లల ఫీజులు కట్టొచ్చో ఎప్పుడైనా లెక్క వేశావా?" ఆ రోజు నవ్వి తప్పించుకున్నాను. ఇంటికి పోయాక నవ్వు రాలేదు. ఈసారి నన్ను రెండు మాటలు మాట్లాడమంటే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఒప్పుకున్నాను.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. మనం జీపు అంటాం గానీ, అమెరికా సైన్యం కాగితాల్లో దాని పేరు పావు టన్ను ట్రక్కు. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందుతుంది కాబట్టి బురదలోనూ, ఇసుకలోనూ, రాళ్ల మీదా పోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో టొలీడో నగరంలోని విల్లీస్ కంపెనీ, అదే నమూనా మీద ఫోర్డ్ కంపెనీ, రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. బర్మా యుద్ధం కోసం ఓడల్లో మన దేశానికీ వచ్చాయి. యుద్ధం ముగిశాక చాలా బండ్లను తిరిగి తీసుకుపోకుండా ఇక్కడే మిగులు సామాను కింద అమ్మేశారు. 1806 నుంచీ కంటోన్మెంటు ఉన్న మన సికింద్రాబాదుకు ఫౌజీ బండి కొత్త కాదు. అలాంటి ఒక 1944 విల్లీసు చేతులు మారి మారి మా అబ్బాజాన్ దగ్గరికి వచ్చింది. రాణీగంజ్‌లో మాకు స్పేర్ పార్టుల దుకాణం ఉండేది. సామాను మోయడానికి ఆయన దాన్ని వాడేవారు.

పెట్రోలు ఖర్చు భరించలేక ఒక వర్క్‌షాపులో అసలు ఇంజిన్ తీయించి డీజిల్ ఇంజిన్ పెట్టించారు. ఆ రోజుల్లో చాలామంది చేసిన పనే అది. అబ్బాజాన్ పోయాక బండి బోయినపల్లిలో మా ఇంటి వెనక వేపచెట్టు కింద 11 ఏళ్లు నిలబడిపోయింది. మా తమ్ముడు కబాడీవాడిని పిలిచాడు కూడా. తూకం వేసే ముందు నేను అడ్డం పడ్డాను.

బాగు చేయించడానికి మూడేళ్లు పట్టింది. మా ఉస్తాద్‌కు అప్పటికే 70 దాటాయి. ఛాసిస్ మీద తుప్పు గీకించగానే ముందు అడ్డకడ్డీ చూసి, "ఇది గుండ్రటి గొట్టం, అంటే విల్లీసే. ఫోర్డ్‌దైతే తిరగేసిన యూ ఆకారంలో ఉంటుంది" అన్నారు. తర్వాత కొన్ని బోల్టుల తలల మీద ఎఫ్ అక్షరం కనిపించింది. ఫోర్డ్ తన బోల్టుల మీద ఆ గుర్తు వేసేది. ఎక్కడో, ఎప్పుడో, ఎవరో మిస్త్రీ చేతికి దొరికిన బోల్టు బిగించి బండిని నడిపించాడన్నమాట. ఉస్తాద్ వాటిని మార్చనివ్వలేదు. "ఎవరో మరమ్మతు చేశారు కాబట్టే ఇది మన దాకా వచ్చింది సాబ్" అన్నారు.

రెండో ఏడు అసలు రకం పెట్రోలు ఇంజిన్ దొరికింది. నాలుగు సిలిండర్లు, 60 హార్స్ పవర్. బోరింగ్ చేయించి పెద్ద సైజు పిస్టన్లు వేశాం. కొన్ని భాగాలు ఇక్కడే దొరకడానికి కారణం ఉంది. 1945లో లూధియానాలో మహీంద్రా సోదరులు, మలిక్ గులాం మొహమ్మద్ కలిసి 'మహీంద్రా అండ్ మొహమ్మద్' అనే కంపెనీ పెట్టారు. 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలైంది. దేశ విభజనతో గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి అక్కడ తొలి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అదే వంశం జీపులు ఆ తర్వాత దశాబ్దాల పాటు మన దేశంలో తయారయ్యాయి.

అసలు ఇంజిన్ మళ్లీ పెట్టినందుకు ఇంకో లాభం కలిగింది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబర్లో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని ఉంటుంది. కొత్తగా చేయించుకుంటే ఫీజు 20,000 రూపాయలు. అయితే ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోజూ రోడ్డు మీద తిప్పుకోవడానికి లేదు.

బండి తయారైన రోజు బంధువులంతా వచ్చారు. ఫోటోలు దిగాం. పెద్ద ఫోటో ఒకటి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను. ఆ తర్వాత ఎనిమిది నెలలు బండి మీద కవరు తీయలేదు.

ఒక ఆదివారం ఉదయం ర్యాలీ ఉందని మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. తిరుమలగిరి దాటాక పల్లంలో బ్రేకు తొక్కితే పెడల్ నేలకు తగిలింది. ఇంకోసారి తొక్కాను. ఏమీ లేదు. ముందు ఒక ఆటో నిలబడి ఉంది. దేవుడి దయవల్ల ఆ బండి హ్యాండ్ బ్రేకుకు చక్రాల బ్రేకులతో సంబంధం లేదు. అది వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పట్టుకుంటుంది. రెండు చేతులతో లాగితే ఆటోకు రెండు అడుగుల దూరంలో బండి ఆగింది. మనవడు ఇదంతా ఆట అనుకుని చప్పట్లు కొట్టాడు. నా కాళ్లు మాత్రం చాలాసేపు వణికాయి.

ఉస్తాద్ వచ్చి డ్రమ్ములు విప్పి చూపించారు. బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. కదలకుండా నిలబడిన బండిలో ఆ తేమకు వీల్ సిలిండర్లు తుప్పుపట్టి, లోపలి రబ్బర్లు పాడై ఆయిలంతా కారిపోయింది. ఆయన కోప్పడలేదు. "మూడేళ్లు ఖర్చుకు వెనకాడలేదు సాబ్. నెలకు ఒక గంటకు వెనకాడారు" అన్నారు. ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు అని మన పెద్దలు అనేది నాలాంటివాణ్ణి చూసే.

ఆ తర్వాతే నేను ఆ జీపు సైనిక మాన్యువల్ శ్రద్ధగా చదివాను. టీఎం 9-803, 1944లో అచ్చయింది. డ్రైవరు బండి తీసే ముందు ఏం చూడాలి, నడుపుతూ ఏం గమనించాలి, ఆగినప్పుడు ఏం చూడాలి, దిగాక ఏం చేయాలి అని నాలుగు వేళల పని విడివిడిగా రాసి ఉంది. అంత యుద్ధం మధ్యలో కూడా ఆ పనికి మినహాయింపు లేదు. ఇప్పుడు నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. పదిహేను రోజులకోసారి బండి కదలాలి. ఏడాదికోసారి బ్రేక్ ఆయిల్ మారాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాతకాలపు రబ్బరుకు అది పడదు. అందుకని పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రమ్ కూడా చూసుకుంటూ ఉండాలి.

మిత్రులారా, ఈ కథ మీ ముందు ఎందుకు విప్పానో చెబుతాను. మనం దానం చేసే తీరు కూడా నా జీపు లాగే ఉంది. మసీదు ముందు, బడి ముందు దాతల పేర్లు చెక్కిన నీళ్ల కూలర్లు చూడండి. ఎన్ని కుళాయిల్లో నీళ్లు వస్తున్నాయి? ఆడపిల్లలకు ఇచ్చిన కుట్టుమిషన్లలో బెల్టు తెగి, షటిల్ అరిగి మూలన పడ్డవి ఎన్ని? వాటిని ఇచ్చిన రోజు ఫోటోలు మన దగ్గర ఉన్నాయి. సదఖా జారియా అంటే ఆగకుండా సాగే దానం. సాగాలంటే కుళాయిలో నీళ్లు రావాలి కదా! కొత్త కూలరుకు దాత దొరుకుతాడు. వాషరుకు దాత దొరకడు. వాషరు మీద పేరు చెక్కించుకునే చోటు ఉండదు మరి.

ఆ పెద్దాయన ఈరోజు కూడా ముందు వరసలోనే ఉన్నారు. అయ్యా, మీరు అడిగింది నిజమే. ఆ డబ్బుతో పిల్లల ఫీజులు కట్టొచ్చు. మిస్త్రీలకు కూలి దొరికింది కదా అని దాన్ని దానంగా చూపించుకోను. ఖర్చు ఖర్చే, దానం దానమే. కానీ ఆ బండి నాకు నేర్పిన పాఠం ఇక్కడ పనికొస్తుందనుకుంటున్నాను. అందుకే ఒక మనవి చేస్తున్నాను. ఇకమీదట నూరు రూపాయల వస్తువు ఇచ్చే ప్రతి దాతా ఇంకో పది రూపాయలు దాని మరమ్మతు కోసం వేరుగా ఇవ్వండి. ప్రతి వస్తువుకూ ఒక నోటుపుస్తకం పెడదాం. దాన్ని చూసే బాధ్యత ఒక మనిషికి అప్పగిద్దాం. ఆ మనిషికి కూలి కూడా ఇద్దాం.

మొదలు నేనే పెడతాను. ఏటా నా జీపు సంరక్షణకు ఎంత ఖర్చవుతుందో అంత మొత్తం ఈ మరమ్మతు నిధికి ఇస్తాను. ఈ ఏటి లెక్క నోటుపుస్తకంతో సహా కోశాధికారిగారికి ఇప్పుడే అప్పగిస్తున్నాను. వచ్చే ఏడు ఇదే చోట నన్ను అడగండి. జీపు బ్రేకుల సంగతి అడగండి, కూలర్లలో నీళ్ల సంగతి కూడా అడగండి.

సెలవు. ఖుదా హాఫిజ్.