ఆశ్రయం ఎవరికి?



ప్రాణభయంతో సరిహద్దు దాటినవారికి ఆశ్రయమిచ్చేందుకు 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఐదు కారణాలు చెప్పింది. జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గంవాడు కావడం, రాజకీయాభిప్రాయం. మన దేశం అందులో చేరలేదు. కరువు ఆ ఐదింటిలో లేదు. మన కోస్గి చుట్టుపక్కల నుంచి బొంబాయి, పూనా పోయిన కూలీలు అదే కరువుకు పరాయి దేశం పోయి ఉంటే శరణార్థుల లెక్కలోకి వచ్చేవారు కారు!

2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన ఆరు మతాలవారికి దారి చూపింది. ముస్లింలు అందులో లేరు. హైదరాబాదు బాలాపూరులో తలదాచుకున్న రోహింగ్యాలదీ ప్రాణభయమే. 1948లో రజాకార్లకు జడిసి మన సంస్థానం విడిచి బెజవాడ, కర్నూలు పోయినవారున్నారు. పోలీసు చర్య తర్వాత ఆ భయం ముస్లిం ఇళ్లకు మారింది. కనుక మతాన్ని బట్టి భయాన్ని కొలవరాదని నా అభిప్రాయం.

కాగితాల సంగతి నాకు తెలుసు, సర్వీసంతా ధ్రువపత్రాలు రాసినవాణ్ణి. సొంత ఊళ్లో ఉన్నవారే ఆధారాలు చూపలేక తిరిగిపోయేవారు. కాలుతున్న ఇల్లు వదిలి వచ్చినవాడు ఏం తెస్తాడు? మనిషిని కూర్చోబెట్టి విచారించాలి, మాటకు మాట పొంతన చూడాలి, అబద్ధమని తేలితే పంపాలి. తేలకముందు పంపరాదు. హత్యలు చేసి పారిపోయి వచ్చినవాడి సంగతి వేరు. వాడికి ఆ ఒడంబడికా ఆశ్రయం ఇవ్వదు.