రోడ్డు ప్రమాదం – మనకు రావలసిన పోలీసు కాగితం



ఉద్యోగ విరమణ చేసిన మేము కొందరం కలిసి ఈ పట్టణంలో పింఛను, రేషను దరఖాస్తులు వ్రాసిపెడుతున్నాము. మా వద్దకు వచ్చేవారిలో రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీలు ఉన్నారు. ఆటో నడిపేవారు, లారీ క్లీనర్లు, మెకానిక్కుల కుటుంబాలవి. నష్టపరిహారమే వారికి ఆధారం. కాని చాలామంది చేతిలో ఒక్క కాగితమైనా ఉండదు. అడిగితే, "త్వరగా దఫన్ చేయాలని పోస్టుమార్టం వద్దన్నామండి, కారు యజమాని ఖర్చులకు కొంత ఇచ్చాడు" అంటారు.

జనాజా ఆలస్యం కారాదన్న తపన మాకు తెలియనిది కాదు. అయితే శవపంచనామా, పోస్టుమార్టం లేకుండా మరణం ప్రమాదం వల్లనే సంభవించిందని ట్రిబ్యునల్ ఎదుట నిరూపించడం మిక్కిలి కష్టం. వద్దని పట్టుబట్టేకంటె, త్వరగా పూర్తిచేయమని పెద్దలు ఆసుపత్రికి వెళ్లి అడగడం మేలు.

స్టేషను గడప తొక్కాలంటే మనవారికి జంకు. దానికి కారణాలూ ఉన్నవి, వాటిని ఇప్పుడు తవ్వబోము. కాని ఎఫ్‌ఐఆర్ ప్రతి ఇవ్వడం ఎవరి దయా కాదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఫిర్యాదు ఇచ్చినవారికి గాని బాధితునికి గాని ప్రతిని వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. 'మా పరిధి కాదు' అని త్రిప్పి పంపరాదు. నమోదు చేయకపోతే సంగతి వ్రాసి జిల్లా ఎస్పీకి తపాలాలో పంపవచ్చు. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేయవచ్చు. తపాలా రసీదు పారవేయకండి.

2022 ఏప్రిల్ 1 నుండి అమలైన నియమాల మేరకు దర్యాప్తు అధికారి 48 గంటలలో తొలి ప్రమాద నివేదికను, 90 రోజులలో సమగ్ర నివేదికను ట్రిబ్యునల్‌కు పంపవలసి ఉన్నది. ఆ సంవత్సరం డిసెంబరులోనే సుప్రీంకోర్టు గోహర్ మొహమ్మద్ కేసులో వీటిని అమలు చేయవలసిందేనని ఆదేశించింది. అయినా అడగనివారి ఫైలు కదలదని గుమాస్తాగిరీ చేసిన మాకు బాగా తెలుసు.

పరిహార దరఖాస్తుకు చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ ముగిశాక చూద్దామనుకుంటే రెండు నెలలు కూడా మిగలవు. ఆమె గడప దాటనవసరం లేదు. కాగితాలు సోదరుడు తేవచ్చు, వకాల్తా మీద సంతకం ఇంటివద్దనే చేయించవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

గుద్దిన బండి ఆచూకీ తెలియకపోయినా ఫిర్యాదు మానకండి. అటువంటి కేసులలో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ప్రత్యేక పథకం కింద వస్తాయి.

ప్రతి చేతికి రాగానే పేర్లు చూడండి. మన పేర్లు ఒక్కొక్క కార్డులో ఒక్కొక్క తీరు: 'షేక్' ముందా వెనుకా, 'వలి'యా 'వలీ'యా. ఇంత చిన్న తేడాకే ఫైళ్లు నెలల తరబడి ఆగడం చూశాము. బండి నంబరును అంకె అంకెగా సరిచూడండి. తప్పుంటే ఆనాడే దర్యాప్తు అధికారికి వ్రాసి ఇచ్చి, మీ ప్రతిపై ముద్ర వేయించుకోండి.

ప్రతి జుమా రోజు అసర్ నమాజు తరువాత మేము మస్జిదు వరండాలో కూర్చుంటాము. ఎఫ్‌ఐఆర్ ప్రతి, ఆధార్, ఆసుపత్రి చీటీలు తీసుకురండి. ఏమీ లేకపోతే ప్రమాదం జరిగిన తేదీ, స్థలం వ్రాసుకుని వచ్చినా చాలు.