ప్రోగ్రాముల భాండాగారాన్ని సర్దటం

కవాడిగూడకు సమీపంలోనే, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నది. ఉద్యోగ పరీక్షలకు చదువుకొనే యువకులతో అది నిత్యం కిటకిటలాడుతూ ఉంటుంది. అటువంటి చోట పుస్తకాన్ని ఒక బీరువాలో నుంచి మరొక బీరువాలోకి మార్చటం క్షణంలో పని. కాని పట్టికలో పాత స్థానమే మిగిలిపోతే ఆ పుస్తకం ఉన్నా లేనట్లే. కంప్యూటరు ప్రోగ్రాములు రచించేవారికి ఈ చిక్కు మరింత తీవ్రంగా ఎదురవుతుంది. వారి పుస్తకాలు ఒకదానిని మరొకటి పేరు పెట్టి, చిరునామాతో సహా పిలుచుకొంటూ ఉంటవి మరి.

ప్రోగ్రాముల మూలపాఠాలను, వాటిలో జరిగిన మార్పుల చరిత్రతో సహా భద్రపరచే చోటును రిపాజిటరీ అంటున్నారు. మనం భాండాగారం అనుకొందాము. పెద్ద ప్రోగ్రాము ఒకే ముద్దగా ఉండదు. మాడ్యూళ్లనే భాగాలుగా ఉంటుంది. మూలపాఠాల నుంచి నడిచే ప్రోగ్రామును తయారుచేయటమే బిల్డ్. ఏ భాగం ముందు, ఏది తరువాత అన్నది ఇక్కడ ప్రాణప్రదమైన విషయం. పిండి రుబ్బనిదే అట్టు పోయలేము గదా!

1976లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ అనే ఆయన ఇందుకోసం ‘మేక్’ అనే సాధనాన్ని రచించినాడు. జావా భాషలో రాసేవారు విరివిగా వాడే మేవెన్ 2004లో మొదటి సంపూర్ణ రూపాన్ని పొందినది. మేవెన్‌ది ఉమ్మడి కుటుంబపు పద్ధతి. ఇంటికంతటికీ వర్తించే నియమాలు పెద్ద ఫైలులో ఉంటవి. ఒక్కొక్క మాడ్యూలుకు తన చిన్న ఫైలు ఉంటుంది. వేరే చెప్పకపోతే, చిన్నది పెద్దదానిని సరిగ్గా ఒక మెట్టు పై ఫోల్డరులో వెతుకుతుంది. చక్కగా సర్దుదామని మాడ్యూలును ఇంకొక ఫోల్డరు లోపలికి దింపితే ఆ మెట్టు తప్పుతుంది, పెద్ద ఫైలు కనిపించదు. కనిపించలేదని అక్కడే ఆగిపోతే మేలే. అది ఆగదు. పూర్వం ఎప్పుడో తయారై ఆ యంత్రపు కొట్టుగదిలో నిలవ ఉన్న పాత ప్రతి దొరికితే దానినే వాడుకొంటుంది. ఆ యంత్రంలో బిల్డ్ నిక్షేపంగా సాగుతుంది. కొత్తగా చేరినవాని యంత్రంలో అదే పాఠం మొదటి అడుగులోనే కూలుతుంది. ‘నా దగ్గర నడుస్తున్నదే!’ అన్న మాట తరచు పుట్టేది ఇక్కడే. మీ ఇంటి పిల్లవాని గదిలో అర్ధరాత్రి దాటినా దీపం వెలుగుతూ ఉంటే, కారణం ఇదీ కావచ్చును. కొట్టుగదిని ఖాళీ చేసి మళ్లీ బిల్డ్ చేస్తే గాని దోషం బయటపడదు.

రెండు మాడ్యూళ్లు పరస్పరం ఆశ్రయించుకొంటే మేవెన్ పని మొదలుపెట్టనే పెట్టదు. రెంటికీ కావలసిన అంశాన్ని మూడవ మాడ్యూలుగా విడదీయటం సాధారణ మార్గం.

సర్దటంలో ఉత్తమమైన ఉదాహరణ లినక్స్‌ది. 32 బిట్ల, 64 బిట్ల ఇంటెల్ జాతి యంత్రాలకు సంబంధించిన పాఠాలు అందులో రెండు వేరు ఫోల్డర్లలో ఉండేవి. ఒకచోట దిద్దిన తప్పును రెండవచోటా దిద్దవలసి వచ్చేది. 2007లో థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ వాటిని ఒక్కటి చేసినారు. ముందు ఫైళ్లను ఒకే గూటికి చేర్చి, జంటలుగా ఉన్నవాటి పేర్ల చివర 32, 64 అని గుర్తులు పెట్టినారు. ఏకం చేయటం ఆ తరువాత, ఒక్కొక్కటిగా సాగినది. ఈ ఓపిక అందరికీ ఉండదు. పనిలో పనిగా లోపలి పాఠాన్ని కూడా మార్చేస్తారు. గిట్ అనే చరిత్రరక్షకుడు ఫైలు తరలిన సంగతిని రాసిపెట్టుకోడు. పోలికను బట్టి ఊహిస్తాడు. ఒకే విడతలో తరలించి తిరగరాస్తే ఆ పోలిక చెడుతుంది, చరిత్ర తెగుతుంది.

ఇదంతా మన భాషకు దూరమైన విషయం కాదు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ నాయకత్వాన 11 సంస్థలు కలిసి ‘సంపర్క్’ అనే భారతీయ భాషానువాద వ్యవస్థను నిర్మించినవి. అందులో తెలుగు ఉన్నది. పదాన్ని విడదీసే మాడ్యూలు ఒకరిది, వాక్యాన్ని కూర్చేది మరొకరిది. వాటిని రాసిన కంప్యూటరు భాషలూ వేరు. అందరూ ఒప్పుకొన్న ఒకే రూపంలో సమాచారం చేతులు మారటం వల్లనే అవి కలిసి నడిచినవి. ఇటువంటి పనిలో విద్యార్థుల శ్రమ ఎక్కువ. వారు పట్టా పుచ్చుకొని వెళ్లిపోతారు. బిల్డ్ రహస్యం వారి యంత్రంతోపాటే పోతే, తెలుగు సంధిని విడదీసే సాధనం మూలపాఠంగా మిగిలి ఉంటుంది గాని నడవదు. సంపర్క్‌కు ఇట్లా జరిగినదని నా మాట కాదు.

అటువంటి సాధనం చేతిలో ఉన్నవారు ఒక ఆదివారం ఖాళీ కంప్యూటరు ముందు కూర్చుని, దానిని మొదటి నుంచి తయారుచేసి చూడవచ్చును. ఆగిన ప్రతిచోటా కారణాన్ని ఆ ఫైలులోనే, తెలుగులో రెండు వాక్యాలుగా రాసి ఉంచితే, తరువాత వచ్చేవానికి సగం రాత్రి మిగులుతుంది.